ముందొచ్చిన వాళ్ళ చలవ

ఒరే పిల్లలూ, ఆ టైరు ముక్క అవతల పారెయ్యండి. భోగి మంటలో వేసేది పిడకలూ పాత కట్టె సామానూ గానీ రబ్బరు కాదు. సీతమ్మధార కొండవార ఊరు, ఇక్కడ పొగ పట్టిందంటే ఓ పట్టాన కదలదు, తిరిగి మన బాల్కనీల్లోకే వస్తుంది. ఆఁ, అలా కాస్త దూరంగా కూచోండి. అమ్మడూ, నువ్విలా నా పక్కకి రా. ఆగస్టులో అమెరికా వెళ్ళేదానివి, నీకే ఎక్కువ చెప్పాలి.

ఏటే, అప్పుడే శాలువా కప్పేశావు? విశాఖపట్నంలో చలేమిటే! మన వాచ్‌మన్‌ని చూడు, దీపావళికి తగిలించిన మంకీ క్యాప్ శివరాత్రి దాకా తియ్యడు. చలంటే నేను చూశాను. 1979లో సరిగ్గా ఇలాంటి భోగి నాడే చికాగోలో మంచు పట్టుకుంది. ఆ రాత్రీ, మర్నాడు సంక్రాంతీ కురుస్తూనే ఉంది. దగ్గర దగ్గర 20 అంగుళాలు. అప్పటికే నేల మీద పాత మంచు ఉంది, దాని మీద ఇది. వీధిలో కార్లు లేవు, తెల్లటి గుట్టలున్నాయి. ఏ గుట్ట కింద ఎవరి కారుందో దేవుడికెరుక. రైళ్ళు నిలిచిపోయాయి, చెత్త బళ్ళు రాలేదు. రోడ్లు బాగుచేయించలేకపోయాడని జనం ఎంత మండిపడ్డారంటే, ఫిబ్రవరిలో జరిగిన పార్టీ ఎన్నికలోనే మేయర్ మైకేల్ బిలాండిక్‌ని ఓడించి కూచోబెట్టారు. జేన్ బర్న్ అనే ఆవిడ గెలిచి ఆ ఊరికి మొదటి ఆడ మేయరైంది. మంచు ఎత్తలేదని మేయర్‌ని మార్చేశారంటే మా అమ్మ నమ్మలేదు. మన మున్సిపాలిటీ వాళ్ళు కాలవలు తియ్యకపోతే మనం ఎవర్ని మార్చాం?

సరే, అసలు సంగతి అది కాదు. మంచు తెరిపిచ్చాక ఎవరి కారు వాళ్ళు పారతో తవ్వి తీసుకోవాలి. నడుం పడిపోయేలా గంటల తరబడి తవ్వి, కారు తీసుకుని డ్యూటీకి పోతే ఆ ఖాళీలో ఇంకెవడో బండి పెట్టేస్తాడు కదా! అందుకని వెళ్తూ వెళ్తూ ఇంట్లోంచి ఓ పాత కుర్చీ తెచ్చి అక్కడ వేసి పోతారు. కొందరు ఇస్త్రీ బల్ల పెడతారు. కొందరు రెండు బకెట్లు పెట్టి వాటి మీద అడ్డంగా కర్ర పెడతారు. మన ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు పడేసి సీటు పట్టుకోరూ, అలాంటి హక్కే అది. ఎంత మొండివాడైనా ఆ కుర్చీ జోలికి పోడు.

ఇది ఏ చట్టంలోనూ లేదు. వీసా ఇచ్చినవాళ్ళు చెప్పరు, మీ తాతగారి ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితాల్లో ఉండదు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళూ చెప్పరు, అదొక చెప్పాల్సిన సంగతని వాళ్ళకి తోచనే తోచదు. నాకు చెప్పింది మా ఆతె. ఆవిడా పరాయి దేశం మనిషే, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు. అందుకే అమ్మడూ, ముందే చెప్పేస్తున్నాను విను. కొత్త ఊరు మనకి నేర్పేది ఆ ఊరివాళ్ళు కారు, మనకన్నా నాలుగేళ్ళు ముందు అక్కడ దిగినవాళ్ళు.

మొదట్నుంచీ చెప్తాను. నాది వన్‌టౌన్ పుట్టుక. 1933లో పోర్టు తెరిచిన కొత్తలో మా తాతగారు విజయనగరం వేపు నుంచి పనికోసం ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. మా నాన్నగారు ఆ పోర్టులోనే గుమాస్తా. మా చిన్నతనంలో అమెరికా వాళ్ళంటే కాల్టెక్సు దొరలే. ఇప్పుడు హెచ్‌పీసీఎల్ అంటున్నారే, అదే అప్పటి కాల్టెక్సు, 1957లో మొదలైంది. ఇక ఫిలిప్పీన్స్ అంటారా, ఇవాళ మన పోర్టుకొచ్చే ఓడల్లో ఆ దేశపు కళాసులు బోలెడుమంది గానీ, అప్పుడు నాకు ఆ దేశం పేరు తప్ప ఇంకేమీ తెలీదు.

మీ తాతగారు ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, కేజీహెచ్‌లో హౌస్ సర్జన్ చేశారు. ఆ రోజుల్లో ఆ బ్యాచిల్లో ఎవర్ని కదిపినా అమెరికా పరీక్షే. ఎందుకనుకున్నారు? అంతకుముందు మన దేశం నుంచి అక్కడ స్థిరపడ్డానికి ఏడాదికి వందమందికే చోటు. 1965 అక్టోబర్ 3న ప్రెసిడెంట్ జాన్సన్ లిబర్టీ విగ్రహం పాదాల దగ్గర కూచుని కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు. దేశాన్ని బట్టి వేసిన పాత వాటాలు పోయి, చదువునీ చుట్టరికాన్నీ చూసి రానిచ్చే పద్ధతి వచ్చింది. ముసలివాళ్ళ వైద్యం ఖర్చు సర్కారే పెట్టుకునే మెడికేర్ కూడా ఆ ఏడే వచ్చింది. ఆస్పత్రులకి రోగులు పెరిగారు, డాక్టర్లు చాలలేదు. మనవాళ్ళకి తలుపు తెరుచుకుంది ప్రేమతో కాదు, అవసరంతో. అది మనసులో పెట్టుకుంటే అక్కడ చిన్నచిన్న మాటలకి నొచ్చుకోం.

1974లో బయల్దేరాం. అప్పటికి స్టేషన్ పేరు ఇంకా వాల్తేరే. హౌరా మెయిలెక్కి మద్రాసు, జెమినీ దగ్గర అమెరికా కాన్సలేట్‌లో వీసా, అక్కణ్ణించి బొంబాయి. చేతికిచ్చింది మనిషికి ఎనిమిది డాలర్లు. అంతకన్నా విదేశీ సొమ్ము పట్టుకుపోకూడదని సర్కారు నిబంధన. ఈ మధ్య పిల్లలు అమెరికా వెళ్తూ ఎయిర్‌పోర్టులో కాఫీకి అంత ఖర్చుపెట్టడం చూశాను. ఆ ఏడు నవంబరులో చికాగోలో దిగాం. ఆస్పత్రి పక్కనే డాక్టర్లకీ నర్సులకీ అద్దెకిచ్చే పాత మేడలో మూడో అంతస్తు మాది. మీ తాతగారు పొద్దున వెళ్తే మర్నాడు సాయంత్రానికి ఇల్లు చేరేవారు. నేను కిటికీ దగ్గర కూచునేదాన్ని. దూరాన మిషిగన్ సరస్సు. అవతలి ఒడ్డు కనపడదు, మన సముద్రమే అనుకుంటాం. దగ్గరికి వెళ్తే ఉప్పు వాసన ఉండదు, చేపల వాసన ఉండదు, ఆర్కే బీచి మీద కొట్టే ఆ జిడ్డు గాలి ఉండదు. సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, అక్కడ నిలబడితే ఏదో మోసం జరిగినట్టుండేది.

అలాంటి ఓ మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే పొట్టిగా, గుండ్రటి మొహంతో ఒకావిడ, చేతిలో గోధుమరంగు కోటు. నన్ను కింద నుంచి మీదాకా చూసింది. చీర, స్వెట్టరు, కాళ్ళకి హవాయి చెప్పులు. "ఈ వేషంతో డిసెంబరు దాటలేవు, తొడుక్కో" అంది. ఎవరిదీ కోటు అంటే, పాత బట్టల కొట్లో రెండు డాలర్లకి కొన్నానంది. ఎవరో వాడి వదిలేసిన బట్ట ఒంటిమీద వేసుకోవడమా అని నా మొహంలో కనపడిందేమో, నవ్వేసి, "ఉతికి తెచ్చాను. నేను వచ్చినప్పుడు మా మేనమామ నాకూ ఇలాగే తెచ్చాడు" అంది. తొడుక్కున్నాను. ఆవిడ ఎత్తుకి కొన్నది కాబోలు, చేతులు నాకు మణికట్టు పైకే ఆగిపోయాయి. అయినా ఆ చలికాలమంతా అదే కోటు.

వాళ్ళలో అక్కని ఆతె అంటారు. ఆ రోజునుంచీ ఆవిడ నాకు ఆతె. ఊరు ఇలోయిలో, మనలాగే ఓడరేవు. ఆ దేశాన్ని 1898 నుంచి 1946 దాకా అమెరికావాళ్ళు ఏలారు. ఇంగ్లీషు బళ్ళూ, అమెరికా పద్ధతి నర్సింగు స్కూళ్ళూ పెట్టారు. అందుకే ఆ నర్సులు ఓడ దిగితే చాలు, మర్నాడే వార్డులో నిలబడగలిగేవారు. చికాగోలో ఏ ఆస్పత్రిలో చూసినా రాత్రి డ్యూటీలో వాళ్ళే. మీ తాతగారైతే "డాక్టరుగా నాకు పని నేర్పింది ప్రొఫెసర్లు కాదు, రెండు గంటల రాత్రి పక్కన నిలబడ్డ ఫిలిప్పీన్స్ నర్సులు" అనేవారు.

ఆవిడ నేర్పినవి ఒక్కొక్కటే చెప్తే తెల్లారిపోతుంది. మెట్ల మీద మంచు గడ్డకడితే ఉప్పు చల్లాలి. ఉప్పు కలిస్తే నీళ్ళు తొందరగా గడ్డకట్టవు, అందుకు. మునిసిపాలిటీ వాళ్ళు లారీలతో రోడ్ల నిండా ఉప్పు పోస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది. ఆ ఉప్పే కార్ల అడుగు తుప్పు పట్టించేస్తుంది కూడాను. గడియారం వసంతంలో ఒక గంట ముందుకి, ఆకురాలే కాలంలో వెనక్కి తిప్పాలి. మొదటి ఏడు ఆతె ముందురోజే వచ్చి మా గోడ గడియారం తనే తిప్పి వెళ్ళింది. ఎవరింటికైనా ఫోను చేసి వెళ్ళాలి. విందుకి పిలిస్తే ఒక గిన్నె మనమూ పట్టుకెళ్ళాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది తిండి దగ్గర మొహమాటం. మనింట్లో ఎవరైనా వడ్డిస్తే మొదట వద్దంటాం, రెండోసారి చాలంటాం, మూడోసారికి ప్లేటు పడతాం. అక్కడ మొదటిసారి వద్దంటే గిన్నె పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది. వాళ్ళకి ప్రేమ లేక కాదు. నువ్వు వద్దన్నావంటే వద్దనే, నీ మాటకి వాళ్ళిచ్చే విలువది. పెద్ద డాక్టరుగారింట్లో థ్యాంక్స్‌గివింగ్ విందుకి వెళ్ళేముందు ఆతె నాకు చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పి పంపింది: "మొదటి మాటకే తీసుకో. మా ఊళ్ళోనూ మీలాగే బతిమాలాలి. ఇక్కడ ఎవరూ బతిమాలరు." అమ్మడూ, ఈ ఒక్కటీ రాసుకో. నువ్వసలే మొహమాటస్తురాలివి.

ఇక వంట. ఇండియా సరుకులు దొరికే కొట్లు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. డెవాన్ అవెన్యూలో పటేల్ బ్రదర్స్ తెరిచింది మేం దిగిన ఆ 1974లోనే. ఇప్పుడు ఆ పేరు అమెరికా అంతా ఉంది గానీ, అప్పుడది ఓ చిన్న కొట్టు. బస్సులు మారి వెళ్ళాలి. ఉప్మాకి రవ్వ లేదు, పిల్లలకి జావలా కాచిపోసే క్రీమ్ ఆఫ్ వీట్ డబ్బా తెచ్చి చేసేదాన్ని, కాస్త ముద్దగా వచ్చినా ఉప్మానే. పెరుగు తోడుకోవడమే పెద్ద చిక్కు. కొట్లో దొరికే పెరుగు గట్టిపడ్డానికి ఏవేవో కలిపేవారు. దాంతో తోడేస్తే పాలు పాలలాగే ఉండేవి. చివరికి మజ్జిగ డబ్బా అని ఒకటి దొరుకుతుంది, వాళ్ళు కేకుల్లో పోసుకునేది. గోరువెచ్చటి పాలలో ఆ మజ్జిగ రెండు గరిటెలు కలిపి, మూతపెట్టి, వేడెక్కే రేడియేటర్ పక్కన తువ్వాలు చుట్టి పెడితే తెల్లారేసరికి గడ్డపెరుగు. ఈ కిటుకు మాత్రం ఆతెది కాదు. ఆవిడకి పెరుగు పడదు. పై అంతస్తు గుజరాతీ ఆవిడ చెప్పింది, ఆవిడకి ఇంకెవరో చెప్పారట.

ఆతెకీ నాకూ కలిసింది వేరే చోట. ఒక పొద్దున్న వాళ్ళ గుమ్మం ముందు నుంచి వెళ్తుంటే ఓ వాసన కొట్టింది. కాళ్ళు ఆగిపోయాయి. నెత్తళ్ళు! ఎండు నెత్తళ్ళు వేపుతోంది. జాలరిపేటలో ఇసకలో ఆరబోస్తారే, అవే. తలుపు కొట్టేశాను. వాళ్ళూ మనలాగే వేయించి అన్నంలో నంజుకుంటారు, కాకపోతే వెనిగర్‌లో ముంచుకుంటారు. నేను ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ దంచి పట్టుకెళ్ళాను. ఇద్దరం వంటింటి నేల మీద కూచుని తిన్నాం. ఆ వాసనకి మేడ యజమాని రెండుసార్లు కాగితం అంటించాడు తలుపుకి. అప్పుడు ఆతె ఓ ఉపాయం చెప్పింది: తక్కినవాళ్ళు ఆఫీసులకి పోయిన వారం మధ్య రోజుల్లో, పది దాటాక, కిటికీలు తెరిచి, పక్కన ఓ గిన్నెలో దాల్చినచెక్క వేసి నీళ్ళు మరగబెడుతూ వేపాలి. మైనస్ డిగ్రీల చలిలో కిటికీలు బార్లా తెరుచుకుని, కోట్లేసుకుని ఎండుచేపలు వేపుకున్న ఇద్దరం మేం.

తరవాత్తరవాత ఒక్కొక్కటీ బయటపడ్డాయి. కోడిపులుసులో వాళ్ళు మునగాకు వేస్తారు. పుల్లటి చారు చింతపండుతో కాస్తారు. కాకరకాయ తింటారు. పచ్చిమామిడి ముక్కలు ఉప్పూ కారంతో కాకుండా, రొయ్యల ఉప్పూరగాయతో నంజుకుంటారు. వాళ్ళ జాతీయ పుష్పం ఏదనుకున్నారు? మన మల్లెపువ్వే. దండలు కట్టి దేవుడి పటాలకి వేస్తారు. పెద్దవాళ్ళు కనపడితే ఆ చేతిని తీసుకుని నుదుటికి ఆనించుకుంటారు. కేథలిక్కులు. క్రిస్మస్ ముందు డిసెంబర్ 16 నుంచి తెల్లవారుజామున లేచి పూజలకి వెళ్ళడం వాళ్ళ ఆచారం. మనకి ధనుర్మాసం పట్టేదీ ఆ రోజుల్లోనే. చికాగోలో ఆవిడకి దగ్గర్లో అలాంటి పూజ దొరకలేదు, నాకూ గుడి లేదు. ఆవిడ వంటింట్లో నాలుగు గంటలకి లైటు వెలిగేది, నా వంటింట్లోనూ వెలిగేది. గోడకవతల ఆవిడ ప్రార్థన, ఇవతల నా దీపం. పొంగలి ఇస్తే కళ్ళకద్దుకుని తినేది.

గుడి అంటే గుర్తొచ్చింది. పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడి 1970ల్లో వచ్చింది. చికాగో నుంచి కారులో దగ్గర దగ్గర ఎనిమిది గంటలు. తిరుపతి కొండకి వెళ్ళినట్టు పులిహోర కట్టుకుని వెళ్ళేవాళ్ళం. మాకు దగ్గర్లో ఆరోరాలో బాలాజీ గుడి వెలిసేసరికి మరో పదేళ్ళు పట్టింది. తెలుగువాళ్ళంతా కలిసి తొలి మహాసభ పెట్టుకున్నది 1977లో, న్యూయార్క్‌లో. అదే తానా అయింది. దానికి మొదటి అధ్యక్షులు కాకర్ల సుబ్బారావుగారు, మీ తాతగారి కాలేజీలోనే చదివిన పెద్దాయన. తరవాత ఎన్టీ రామారావుగారు పిలిస్తే వచ్చి హైదరాబాద్‌లో నిమ్స్‌ని నిలబెట్టింది ఆయనే.

కారు నడపడం కూడా ఆతే నేర్పింది. ఆదివారం పొద్దున్నే షాపులు మూసి ఉంటాయి, ముందర పార్కింగ్ అంతా ఖాళీ. నా చీర కుచ్చెళ్ళు బ్రేకుకి అడ్డం పడుతున్నాయని తన ప్యాంటొకటి ఇచ్చింది. అదీ నాకు పొట్టే. లైసెన్సొచ్చిన రోజున మీ తాతగారు డ్యూటీ నుంచి దిగేసరికి ఆస్పత్రి గుమ్మంలో కారుతో నిలబడ్డాను. ఆయన ముందు నన్ను చూడలేదు, డ్రైవరు సీట్లో ఆడమనిషేమిటా అని చూశారు.

మా నాన్నగారు పోయిన కబురు టెలిగ్రాంలో వచ్చింది. అందేసరికే ఇక్కడ దహనం అయిపోయింది. ఫోను చేద్దామంటే కాల్ బుక్ చేసి ఎన్ని గంటలు కూచోవాలో తెలీదు, కలిసినా వన్‌టౌన్‌లో మా ఇంటికి ఫోను లేదు. టిక్కెట్టు కొనే డబ్బు లేదు. మీ తాతగారికి సెలవివ్వలేదు, సాయంత్రం డ్యూటీకి వెళ్ళాల్సొచ్చింది. ఆతె తన డ్యూటీ ఎవరితోనో మార్చుకుని వచ్చింది. వాళ్ళలో మనిషి పోతే తొమ్మిది రాత్రులు వరసగా ప్రార్థన చేసే ఆనవాయితీ. ఆ తొమ్మిది రాత్రులూ మా ఇంట్లో చేసింది. ఇంకో ఇద్దరు నర్సుల్ని వెంటబెట్టుకొచ్చేది. వచ్చేటప్పుడు అన్నమూ కూరా తెచ్చేది, నన్ను పొయ్యి దగ్గరికి పోనిచ్చేది కాదు. మా నాన్నగారు సింహాద్రి అప్పన్న భక్తులు, చందనోత్సవానికి కొండ ఎక్కకుండా ఒక్క ఏడూ ఉండలేదు. ఆయన ఫోటో ముందు నేను దీపం పెడితే, ఆవిడ కూచుని జపమాల తిప్పేది. అప్పన్న ఏమీ అనుకుని ఉండడు. నాతో కూచుని ఏడ్చింది ఆ దేశంలో ఆవిడొక్కర్తే.

మరి ఆతెకి ఎవరు నేర్పారంటారా? ఆ మేనమామ. అప్పటికే ముసలాయన. 1920ల్లో చదువుకుందామని చికాగో వచ్చి, డబ్బు చాలక పుల్‌మన్ కంపెనీ రైలు పెట్టెల్లో సర్వరుగా చేరి, అందులోనే రిటైరయ్యాడు. పెద్దపెద్ద దొరలు కూచునే క్లబ్బు పెట్టెల్లో 1925 నుంచీ ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళని పెట్టుకునేవారు. ఒకసారి వాళ్ళింట్లో భోజనాల దగ్గర నా బొట్టు చూసి, "మీవాళ్ళూ మావాళ్ళూ ఒకే చట్టంలో మనుషులమయ్యాం తెలుసా" అన్నాడు. నాకు తెలీదు. ఆయనే చెప్పాడు. 1946 జూలై 2న ప్రెసిడెంట్ ట్రూమన్ సంతకం పెట్టిన చట్టంతో ఫిలిప్పీన్స్ వాళ్ళకీ, భారతదేశం వాళ్ళకీ ఒకేసారి పౌరసత్వం అడిగే హక్కు వచ్చింది. కొత్తగా వచ్చేవాళ్ళకి ఏడాదికి దేశానికో వంద చోట్లు. అంతకుముందు మనవాళ్ళకి అదీ లేదు. భగత్‌సింగ్ థిండ్ అని ఒక పంజాబీ ఆయన, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆయన పౌరసత్వం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1923లో "మీరు తెల్లవాళ్ళ లెక్కలోకి రారు" అని కొట్టేశారు.

అది వింటే నాకు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొచ్చారు. భీమవరంలో పుట్టి బోస్టన్ వెళ్ళిన మనిషి. వెళ్ళిన కొత్తలో ఆస్పత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు కడిగి చదువుకున్నారు. ఆరియోమైసిన్ మందు ఆయన నడిపిన లేబొరేటరీలోనే బయటపడింది. 1948లో అమెరికాలోనే పోయారు. ఆయన అక్కడ బతికిన కాలంలో చాలా భాగం, ఆ దేశపు పౌరుడయ్యే హక్కే ఆయనకి లేదు. అలాంటివాళ్ళు మెట్లు కడితే మనం ఎక్కాం అమ్మడూ. చికాగోలో ఓ మేడ ఉంది, అప్పట్లో సియర్స్ టవర్ అనేవారు, 110 అంతస్తులు, మేం వెళ్ళేనాటికి ప్రపంచంలో అంత ఎత్తైంది లేదు. అది గాలికి ఒరిగిపోకుండా నిలబడే ఉపాయం కనిపెట్టినాయన ఫజ్లుర్ ఖాన్, ఢాకాలో పుట్టినవాడు. ఆ ఊరు తన గొప్ప చెప్పుకునే దాంట్లో కూడా వచ్చినవాళ్ళ చెయ్యే ఉంది.

కొన్నాళ్ళకి మా వంతొచ్చింది. ఓహేర్ ఎయిర్‌పోర్టులో తెలుగు పిల్లలు దిగుతున్నారని తెలిస్తే నేనే వెళ్ళేదాన్ని. కారు డిక్కీలో రకరకాల కొలతల పాత కోట్లు ఎప్పుడూ ఉండేవి. 1990ల చివర్లో కుర్రాళ్ళు దండుగా దిగారు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని అమెరికా అంతా హడలిపోయింది కదా, ఆ పనికి. నలుగురైదుగురు ఒక ఇంట్లో ఉండేవారు. వాళ్ళకి పెరుగు తోడు, ఉప్పు చల్లడం, కుర్చీ సంగతి, మొదటి మాటకే ప్లేటు పట్టడం అన్నీ చెప్పాను. వాళ్ళు ఇంకెవరికో చెప్పి ఉంటారు.

నువ్వు నవ్వుతున్నావు, నాకు తెలుసు. ఇప్పుడు అన్నీ ఫోన్లోనే ఉన్నాయి మామ్మా అంటావు. విమానం ఎక్కకముందే వాట్సాప్‌లో రూమ్మేట్లు కుదురుతున్నారు. వీసాకి మద్రాసు పోనక్కర్లేదు, 2008 నుంచి హైదరాబాద్‌లోనే కాన్సలేట్ ఉంది. మంచిదే. కానీ ఫోను అడిగినదానికి చెప్తుందమ్మా. ఏం అడగాలో తెలీనిదానికి మనిషే కావాలి. వీధిలో కుర్చీ ఎందుకుందో నీకు అనుమానమే రాకపోతే ఫోన్ని ఏమని అడుగుతావు? రెండో ముక్క, మన తెలుగువాళ్ళ మధ్యే ఉండిపోతే తోడు దొరుకుతుంది గానీ ఊరు దొరకదు. నాకు ఊరు చూపించింది ఫిలిప్పీన్స్ ఆవిడ, పెరుగు చూపించింది గుజరాతీ ఆవిడ. నీకు ఏ నేపాల్ పిల్లో, ఏ మెక్సికో ఆవిడో చూపిస్తుంది. తలుపు తియ్యి, అంతే.

ఇదంతా అమెరికా కబురనుకోకండి. మన ఊరు మాత్రం ఏమిటి? పోర్టు వచ్చింది, మా తాతగార్ని తెచ్చింది. 1941లో షిప్‌యార్డు పెడితే ఎక్కడెక్కడి పనివాళ్ళో వచ్చారు. నేవీ వచ్చింది, కాల్టెక్సు వచ్చింది. ఇదిగో మన గురుద్వారా జంక్షన్ ఉందే, పంజాబు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఊరంతటి ఊరయ్యారు కాబట్టే ఆ గురుద్వారా. 1971లో ఇందిరాగాంధీ ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని మనం గొంతులు పోయేలా అరిచి తెచ్చుకున్నదే. దానికోసం వేల కుటుంబాలు పొలాలూ ఊళ్ళూ ఖాళీ చేశాయి. వాళ్ళు ఏ ఓడా ఎక్కలేదు, ఏ సముద్రమూ దాటలేదు, పుట్టిన చోటే పరాయివాళ్ళయ్యారు. వాళ్ళకి కోటు తెచ్చిచ్చిన వాళ్ళెవరో నాకు తెలీదు.

మొన్న మన వాచ్‌మన్ పెళ్ళాం ఒడిశా నుంచి దిగింది. తెలుగు ఒక్క ముక్క రాదు. రైతుబజారులో ఏ కొట్టు చవకో, కార్పొరేషన్ నీళ్ళు ఎన్నింటికొస్తాయో, పిల్లాణ్ణి ఏ బళ్ళో వెయ్యాలో ఆ పిల్లకి ఎవరు చెప్పారనుకున్నారు? ఈ అపార్ట్‌మెంటులో ఇన్ని ఫ్లాట్లున్నాయి, సగం ఇళ్ళలో పిల్లలు అమెరికాలోనే ఉన్నారు, మనం ఎవరమూ చెప్పలేదు. రెండేళ్ళ ముందు పార్వతీపురం నుంచి వచ్చి మన ఇళ్ళలో పనిచేస్తున్న పిల్ల చెప్పింది.

అందుకని అమ్మడూ, నువ్వు ఆవకాయ ఎంత పట్టుకెళ్తావో, ఎన్ని చీరలు సర్దుకుంటావో నేను అడగను. ఒక్కటే అడుగుతాను. వెళ్ళిన ఏడాదికి, నీ తరవాత దిగే పిల్ల కోసం ఎయిర్‌పోర్టుకి వెళ్ళు. మన పిల్లే కానక్కర్లేదు, ఏ దేశం పిల్లయినా సరే. దిగగానే అమెరికా ఇలాంటిది, అలాంటిదని ఉపన్యాసాలివ్వకు. కోటు చవగ్గా ఎక్కడ దొరుకుతుందో చెప్పు చాలు. చేతులు మాత్రం కాస్త పొడుగ్గా ఉన్నది చూసి కొనమను.